మొలల బాధ ముందుగా ఎవరి చెవిన పడితే, వైద్యం ఆ దారినే పోతోంది

సంక్షిప్తంగా

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మొలలకు ఏ వైద్యం చేయించుకోవాలన్నది చాలాసార్లు జబ్బు తీవ్రతను బట్టి తేలడం లేదు. ఆ బాధను ముందుగా ఎవరికి చెప్పుకోగలిగారు, ఎన్నాళ్లు పని మానగలరు, చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుంది అన్నవే దారి చూపిస్తున్నాయి. తనంతట తాను తగ్గి మళ్లీ తిరగబెట్టడం ఈ జబ్బు గుణం కాబట్టి దాదాపు ప్రతి మందుకూ ఎంతో కొంత పేరు వస్తోంది. పసరు మందుకూ ఆపరేషన్‌కూ మధ్య ఉన్న తేలికైన, చౌకైన చికిత్సలు జనం మాటల్లోకి రావడం లేదు. సిగ్గు వల్ల జరిగే ఆలస్యంలో రక్తహీనత ముదరవచ్చు. అంతకంటే ప్రమాదకరంగా, పెద్దపేగు క్యాన్సర్ కూడా మొలల పేరు కింద దాగిపోవచ్చు.

ఒక్క పేరు, నాలుగు జబ్బులు

నెల్లూరు పొగతోటలో సర్జన్ గది ముందైనా, కనిగిరిలో మందుల షాపు దగ్గరైనా, మలద్వారం దగ్గర ఏ బాధ ఉన్నా జనం చెప్పే పేరు ఒకటే: పైల్స్. పెద్దవాళ్లు మొలలంటారు, మూలశంక అంటారు. ఆ మాట కూడా నోట రాని వాళ్లు ‘వేడి చేసింది’ అని ఊరుకుంటారు. ఈ ఒక్క పేరు కింద కనీసం నాలుగు జబ్బులు తిరుగుతున్నాయి.

మలద్వారం లోపలి గోడకు రక్తనాళాలతో నిండిన మెత్తటి దిండ్లలాంటివి మూడు ఉంటాయి. ఇవి జబ్బు కాదు, అందరికీ ఉండేవే. గాలినీ నీళ్ల విరేచనాన్నీ జారిపోకుండా ఆపడంలో వీటికీ ఒక పని ఉంది. ఏళ్ల తరబడి ముక్కడం వల్లో, గర్భం వల్లో, వయసు వల్లో వీటిని పట్టి ఉంచే కణజాలం సడలితే అవి ఉబ్బి కిందికి జారతాయి. అవే మొలలు. లోపలి మొలల నుంచి ఎర్రటి రక్తం పడుతుంది గాని సాధారణంగా నొప్పి ఉండదు. ద్వారం వెలుపలి మొలలో రక్తం గడ్డకడితే మాత్రం కూర్చోనివ్వని నొప్పి వస్తుంది.

విరేచనం వేళ బ్లేడుతో కోసినట్టు నొప్పి, ఆ తర్వాత గంటసేపు మంట ఉంటే అది చాలావరకు మొల కాదు, చర్మంలో పడిన చీలిక. డాక్టర్లు ఫిషర్ అంటారు. జ్వరంతో పాటు ఎర్రగా వాచిన గడ్డ ఉంటే చీముగడ్డ. అది పగిలి, పక్కన రంధ్రం పడి, రోజూ తడి కారుతుంటే భగందరం, అంటే ఫిస్టులా. నాలుగింటికీ నాలుగు రకాల వైద్యం. చీలికకు కండరాన్ని వదులు చేసే పూత కావాలి, చీముగడ్డను వెంటనే కోసి చీము తీయాలి, భగందరం పూతలతో మానదు.

మొలల్లోనూ నాలుగు దశలున్నాయి. రక్తం మాత్రమే పడేది మొదటి దశ. విరేచనం వేళ బయటికి వచ్చి తనంతట తాను లోపలికి పోతే రెండో దశ, చేత్తో నెట్టాల్సి వస్తే మూడోది, నెట్టినా పోకపోతే నాలుగోది. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ప్రధానంగా ఈ దశను బట్టి తేలుతుంది. ఒకరికి గుణం ఇచ్చిన మందు పక్కింటి వాళ్లకు ఇవ్వకపోతే ఆ తప్పు మందుది కాకపోవచ్చు. ఇద్దరికీ ఉన్నది ఒకే జబ్బు అనుకోవడంలోనే తేడా మొదలై ఉండవచ్చు.

తగ్గే జబ్బు, పెరిగే పేరు

ఈ జబ్బుకు ఉన్న ఒక గుణం తెలియకపోతే దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాలేవీ అర్థం కావు. మొదటి రెండు దశల మొలలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. పది రోజులు బాధపెడతాయి, మూడు నెలలు మరిచిపోయేలా చేస్తాయి, పెళ్లిళ్ల సీజన్‌లో తిండి మారితే మళ్లీ లేస్తాయి. బయటి మొలలో గడ్డకట్టిన రక్తం కూడా మందు వాడినా వాడకపోయినా చాలామందిలో రెండు వారాల్లో కరగడం మొదలవుతుంది.

మనిషి మందు కోసం వెతికేది బాధ బాగా ముదిరిన రోజునే. ఆ రోజు దాటితే బాధ సహజంగానే కిందికి దిగుతుంది. అప్పుడు చేతిలో ఏది ఉంటే పేరు దానిది: ఉత్తరేణి, తుత్తురుబెండ ఆకు, అత్తిపత్తి ముద్ద, వేలికి తొడుక్కున్న ఉంగరం, మందుల షాపు ట్యూబు. మందు తిన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు నిజంగానే తగ్గింది. అయితే తగ్గడానికి మందే కారణమా, గడిచిన రోజులా అన్నది ఒక్క మనిషి అనుభవంతో తేలే సంగతి కాదు.

దీనికి పథ్యం కూడా తోడవుతుంది. నాటువైద్యుడు మందుతో పాటు కారం, మాంసం, వేపుళ్లు మానమంటాడు. మజ్జిగ ఎక్కువ తాగమంటాడు, కందగడ్డ, ఆకుకూరలు తినమంటాడు. కందకు సంస్కృతంలో ‘అర్శోఘ్నం’, అంటే మొలలను పోగొట్టేది అన్న పేరే ఉంది. ఈ పథ్యంలో నీళ్లు, పీచు పెరుగుతాయి, విరేచనం మెత్తబడుతుంది. నెల రోజుల్లో కనిపించే గుణంలో పెద్దవాటా దీనిదే కావచ్చు. పేరు మాత్రం పొట్లంలోని పొడికి పోతుంది. పీచు పెంచితే మొలల రక్తస్రావం దాదాపు సగానికి తగ్గుతుందని అనేక పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. అంటే నాటువైద్యంలో బలమైన భాగం దాని బహిరంగ భాగమే, రహస్య భాగం కాదు.

ఎవరికి చెప్పుకోగలరు?

జ్వరం వస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. మొలలు వస్తే భార్యకు కూడా చెప్పని మగవాళ్లున్నారు. బాధ ముందుగా ఎవరి చెవిన పడిందో దాన్ని బట్టే వైద్యం దారి మలుపు తిరుగుతుంది.

అతి తక్కువ మాటలతో పని జరిగే చోటు మందుల షాపు. వాడేసిన ట్యూబును కాగితంలో చుట్టి తెచ్చి, పక్కన ఎవరూ లేనప్పుడు ‘అన్నా, ఇదొకటి ఇవ్వు’ అంటే చాలు. జబ్బు పేరు ఎత్తాల్సిన పని లేదు, బట్ట తీయాల్సిన పని అంతకన్నా లేదు. ఆ ట్యూబులో సాధారణంగా మొద్దుబార్చే మందు ఉంటుంది, కొన్నిటిలో స్టెరాయిడ్ కూడా ఉంటుంది. వారం పది రోజులకు మించి స్టెరాయిడ్ పూత వాడితే అక్కడి చర్మం పలచబడుతుంది. నెలల తరబడి అదే ట్యూబు కొంటున్న మనిషికి ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు. అతను ఎవరినీ అడగలేదు మరి.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మాట కొంచెం పెరుగుతుంది. అతను వరసకు మామో అన్నో అవుతాడు, ఇంటికే వస్తాడు, డబ్బు తర్వాత ఇచ్చినా ఊరుకుంటాడు. కానీ చాలాసార్లు పరీక్ష అక్కడా జరగదు. లక్షణం విని మాత్రలు, సూది ఇవ్వడంతో సరి. బాధ తగ్గకపోతే ఏ పట్నం, ఏ ఆస్పత్రి అన్నది కూడా అతని మాట మీదే తేలుతుంది. పంపినందుకు ఆస్పత్రి నుంచి వాటా ముట్టే అలవాటు ఉన్నచోట ఆ సలహా రోగి అవసరం వైపు నుంచి పక్కకు జరుగుతుంది. అయినా ఆర్ఎంపీని తీసేసి ఈ సమస్యను చూడలేం. రాత్రి పదింటికి పిలిస్తే పలికే మనిషి చాలా ఊళ్లలో అతనొక్కడే.

దూరం కూడా ఒక రకమైన మరుగు. నెల్లూరు, గూడూరు వాళ్లు చెన్నైకో తిరుపతికో పోవడంలో పెద్దాస్పత్రి మీది నమ్మకం ఒక్కటే లేదు, అక్కడ తెలిసిన ముఖం ఎదురుపడదన్న ధీమా కూడా ఉంది. గిద్దలూరు వైపు వాళ్లు నంద్యాల, కర్నూలు వెళ్తారు, మార్కాపురం వాళ్లకు గుంటూరు రైలు ఉంది. సొంత ఊరి ఏరియా ఆస్పత్రిలో ఓపీ చీటీ రాసే మనిషి నుంచి డ్రెస్సింగ్ చేసే మనిషి దాకా అందరూ తెలిసినవాళ్లే. ఉచిత వైద్యం దగ్గరలో ఉన్నా దాన్ని దాటిపోయేలా చేసే బలం సిగ్గుకు ఉంది. దూరపు ఆస్పత్రిలో చూపించుకున్న మనిషి రెండోసారి చూపించుకోవడానికి వెళ్లకపోవడం దీనివల్ల వచ్చే నష్టం.

ఈ సిగ్గును పెంచడంలో గోడరాతల పాత్ర ఉంది. మొలలు, భగందరం, వరిబీజం, లైంగిక బలహీనత ఒకే బోర్డు మీద, ఒకే వరసలో కనిపిస్తాయి. రక్తనాళాల దిండ్లు జారడానికీ మగతనానికీ సంబంధం లేదు. కానీ చిన్నప్పటి నుంచి ఆ బోర్డులు చదివిన కుర్రాడికి ఇది నలుగురిలో చెప్పుకోకూడని జబ్బుల జాబితాలో చేరిపోతుంది.

ఆడవాళ్ల విషయంలో ఆలస్యం రెట్టింపు

గర్భం చివరి నెలల్లో, కాన్పు తర్వాత మొలలు రావడం చాలా మామూలు. గర్భసంచి బరువు కింది రక్తనాళాల మీద పడుతుంది, హార్మోన్ల వల్ల పేగు కదలిక మందగిస్తుంది, ఐరన్ మాత్రలు కొందరికి విరేచనం గట్టిపరుస్తాయి. అప్పుడు మలబద్ధకానికి భయపడి ఐరన్ మాత్రలు పక్కన పడేసేవాళ్లున్నారు. మాత్రలు మానితే రక్తం పెరగదు, మొలల నుంచి రక్తం పోవడం ఆగదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట రోజూ కొద్దికొద్దిగా పోయే రక్తాన్ని చిన్న విషయంగా తీసేయడానికి లేదు.

సర్జన్లలో ఆడవాళ్లు తక్కువ. ‘డాక్టరమ్మ’ అంటే ఊళ్లలో తట్టేది కాన్పుల డాక్టరే. కాబట్టి ఆడవాళ్ల మొలల బాధ ముందుగా ఆమె దగ్గరికే చేరుతుంది, ఆమె సర్జన్‌కు చూపించుకోమంటే ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. పరీక్ష వేళ ఆడ నర్సును పక్కన ఉండమని అడిగే హక్కు రోగికి ఉందన్న మాట కూడా చాలామందికి తెలియదు. పెళ్లి కావాల్సిన పిల్లయితే ఆపరేషన్ మాట బయటికి పొక్కకూడదని ఇంట్లోవాళ్లే ఆపుతారు. అత్తగారింట్లో ఉన్న కోడలికి పట్నం వెళ్లాలంటే కారణం చెప్పాలి, చెప్పలేక నాటుమందు పొడిని మజ్జిగలో కలుపుకుని తాగుతూ ఏళ్లు గడుపుతుంది.

మరుగుదొడ్డి చరిత్ర కూడా ఇందులో ఉంది. ఇంట్లో దొడ్డి లేని రోజుల్లో ఆడవాళ్లు తెల్లవారకముందో, పొద్దుగూకాకో తప్ప బయటికి పోయే వీలు లేదు. పగలంతా ఆపుకోవడం, ఆపుకోవడానికి నీళ్లు తక్కువ తాగడం అలవాటైపోయింది. 2014 తర్వాత స్వచ్ఛభారత్‌లో ఇళ్లకు దొడ్లు వచ్చాయి. నాట్లకూ కలుపుకూ వెళ్లే పొలం దగ్గర, పొగాకు గ్రేడింగ్ షెడ్ల దగ్గర పరిస్థితి అంతగా మారలేదు. ఆపుకున్న విరేచనం పేగులో నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది, గట్టిపడితే ముక్కాలి. మొలలకు ఇది చాలా పాత దారి.

తిండి, నీళ్లు, పని

‘కారం తింటే మొలలొస్తాయి’ అన్నది ఇక్కడ బాగా పాతుకుపోయిన మాట. కారం మొలలను పుట్టిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, అప్పటికే ఉన్న మంటను పెంచవచ్చు. అసలు తేడా గింజలో వచ్చింది. ప్రకాశం పడమటి మెట్ట గ్రామాల్లో, ఉదయగిరి వైపు ఒకప్పుడు జొన్న, సజ్జ, అరిక, కొర్ర రోజువారీ తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదవాడి కడుపు నింపింది, ఆ మేలు చిన్నది కాదు. దాంతో పాటు పళ్లెం తెల్లబడింది. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపు. అదే జొన్న, సజ్జ, రాగుల్లో పది, పదకొండు గ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు పాతిక, ముప్పై గ్రాముల పీచు కావాలి.

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కునే ఇళ్లలో నీళ్లను లెక్కగా వాడడం సహజం. ఎండాకాలం క్వారీలోనో పొలంలోనో పనిచేసే మనిషికి చెమటకే లీటర్లు పోతాయి, తెచ్చుకున్న సీసా మధ్యాహ్నానికే అయిపోతుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, రొయ్యల చెరువుల దగ్గర బరువులెత్తే వాళ్లకూ, హైవే మీద రోజంతా స్టీరింగ్ ముందు కూర్చునే లారీ డ్రైవర్లకూ ఈ బాధ ముదిరే పరిస్థితులు పనిలోనే ఉన్నాయి. ‘నీళ్లు బాగా తాగండి, ఎక్కువసేపు కూర్చోకండి’ అన్న సలహా వాళ్ల చేతిలో లేని దాన్ని అడుగుతుంది. అందుకే తిండి మార్పు మీద కంటే మందు పొట్లం మీద ఆశ పెట్టుకుంటారు. పొట్లం జేబులో పడుతుంది, పనివేళలు జేబులో పట్టవు.

పసరు, క్షారం, సూది: మూడూ ఒకటి కాదు

‘ఇంగ్లిష్ వైద్యం కాదు’ అన్న ఒక్క గుర్తుతో ఈ మూడింటినీ జనం కలిపేస్తారు. వీటి మధ్య దూరం చాలా ఉంది.

ఆకు పసర్లు, పొడులు ఇచ్చే నాటువైద్యులు తరతరాలుగా ఉన్నవాళ్లు, చాలామంది డబ్బు అడగరు, ఇచ్చింది పుచ్చుకుంటారు. మనవాడు, మన ఊరివాడు, మోసం చేయడన్నది ఈ నమ్మకానికి పునాది. అది ఈ నేలలో ఎంత లోతుగా ఉందో 2021 మే నెలలో కృష్ణపట్నం చూపించింది. అక్కడి నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చిన కోవిడ్ మందు కోసం వేల మంది బారులు తీరారు. ప్రభుత్వం కొన్నాళ్లు ఆపించి, పరీక్షలు చేయించి, కంటిచుక్కలు తప్ప మిగిలినవాటికి మే 31న అనుమతి ఇచ్చింది. హాని లేదన్న మాటే గాని కోవిడ్‌ను తగ్గిస్తుందన్న రుజువు దొరకలేదు. హాని లేకపోవడం వేరు, గుణం ఉండడం వేరు. మొలల పసర్ల విషయంలోనూ ఈ రెండూ కలిసిపోతుంటాయి.

క్షార చికిత్స ఆయుర్వేద శస్త్ర సంప్రదాయానికి చెందినది. మొలలకు సుశ్రుతుడు నాలుగు మార్గాలు చెప్పాడు: మందు, క్షారం, అగ్ని, శస్త్రం. ఉత్తరేణి బూడిద నుంచి తీసిన క్షారాన్ని, పసుపును, జెముడు పాలను దారానికి పట్టించి కట్టే క్షారసూత్రం భగందరానికి బాగా పనిచేస్తుందని భారత వైద్య పరిశోధన మండలి 1991లో ప్రచురించిన బహుళ కేంద్రాల పరీక్షలో తేలింది. ఆపరేషన్ కంటే మానడానికి ఎక్కువ రోజులు పట్టింది, తిరగబెట్టడం తక్కువగా ఉంది. శల్యతంత్రంలో, అంటే ఆయుర్వేద శస్త్రచికిత్స శాఖలో పీజీ చేసిన ఆయుర్వేద వైద్యులు చేయదగిన శస్త్రచికిత్సల జాబితాను 2020 నవంబరులో కేంద్రం ప్రకటించినప్పుడు అందులో మొలలు, భగందరం కూడా ఉన్నాయి. దాని మీద భారత వైద్య సంఘం ఆ డిసెంబరు 11న దేశవ్యాప్తంగా ఓపీలు ఆపి నిరసన తెలిపింది. ఆ వివాదం ఎలా ఉన్నా, పీజీ చదివి థియేటర్‌లో క్షారకర్మ చేసే వైద్యుణ్నీ గోడరాతల మీద కనిపించే మనిషినీ ఒక గాటన కట్టడం తప్పు.

మూడోది అసలు ప్రమాదం. ‘ఆపరేషన్ లేకుండా, ఒక్క సూదితో’ అని రాసుకునే గదులు, జనం వాడుకలో ‘బెంగాలీ డాక్టర్’ దుకాణాలు. నడిపేవాళ్లు ఏ రాష్ట్రం వాళ్లయినా కావచ్చు. అడగాల్సింది ఊరు కాదు, చదువు, రిజిస్ట్రేషన్. మొలలోకి సూది ఇచ్చి కుదించే పద్ధతి ఆధునిక వైద్యంలోనూ ఉంది, మోతాదు తెలిసిన సర్జన్ చేస్తే అది సురక్షితమే. ఏ రసాయనమో తెలియనిది, ఎక్కడ పడిందో చూసుకోకుండా ఎక్కిస్తే అక్కడి కండ కుళ్లుతుంది. మానేటప్పుడు ద్వారం ఇరుకైపోతుంది, విరేచనం సన్నని దారంలా వస్తుంది. ఘాటైన లేపనాలతోనూ ఇదే జరుగుతుంది. దాన్ని సరిచేయడం మొలల ఆపరేషన్ కంటే చాలా కష్టం. అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా అని 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం చెబుతోంది. మొలలనూ భగందరాన్నీ నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని ఔషధ నిబంధనల్లోని జె షెడ్యూలు చెబుతోంది. ఆ షెడ్యూలు ఉందని తెలిసిన కొనుగోలుదారులు అరుదు. రోగి ఫిర్యాదు చేస్తే గాని ఈ చట్టాలు కదలవు. చెప్పుకోలేని జబ్బుకు ఫిర్యాదు ఎక్కడి నుంచి వస్తుంది?

లేజర్ అన్న మాట బలం

పట్నాల్లో, ఉద్యోగస్తుల్లో ఎంపిక ఇంకో వైపు వంగుతోంది. ‘కోత లేదు, నొప్పి లేదు, అదే రోజు ఇంటికి’ అన్న ప్రకటనలు బస్సుల వెనుక, ఫోన్లలో కనిపిస్తున్నాయి. కోత ఆపరేషన్ అంటే ఉన్న భయం నిజమైనదే. 1937లో లండన్‌లో మిల్లిగన్, మోర్గాన్ అనే సర్జన్లు వివరించిన పద్ధతి నేటికీ పెద్ద మొలలకు ప్రామాణికంగా ఉంది. దాని తర్వాత రెండు వారాలు విరేచనం అంటే వణికేంత నొప్పి ఉంటుందని చేయించుకున్నవాళ్లు చెబుతారు. ‘ఆపరేషన్ అయితే పట్టు పోతుంది’, అంటే మలాన్ని ఆపుకోలేమన్న భయం దానికి తోడు. ఆ ప్రమాదం ఉన్నమాట నిజమే గాని, అనుభవం ఉన్న చేతుల్లో అరుదు.

లేజర్‌లో నొప్పి తక్కువ, పనిలోకి త్వరగా వెళ్లవచ్చు. రెండో దశ, మూడో దశ తొలినాళ్ల మొలలకు అది తగినదే. అయితే లేజర్‌కూ మత్తు కావాలి, లోపలికి సన్నటి తీగ పంపాలి, తర్వాత వాపు ఉంటుంది. పెద్దగా వేలాడే నాలుగో దశ మొలలకు అది సరైన ఎంపిక కాదు. ‘కోత లేదు’ అన్న మాట ‘తిరిగి రాదు’ అని వినిపిస్తుంది, ప్రకటన బలమంతా అక్కడే ఉంది. నొప్పి తక్కువ పద్ధతులకూ తిరగబెట్టడానికీ ఉన్న లంకెను బ్రిటన్‌లో 2016లో వెలువడిన ఒక పెద్ద పరీక్ష స్టెప్లర్ విషయంలో, అంటే యంత్రంతో కత్తిరించి పిన్నులు వేసే పద్ధతిలో చూపించింది. రెండేళ్లకు స్టెప్లర్ చేయించుకున్న వాళ్లలో 42 శాతం మందికి, కోత ఆపరేషన్ అయినవాళ్లలో 25 శాతం మందికి మొలలు తిరిగి వచ్చాయి. ఏ పద్ధతీ నూటికి నూరు కాదు. ‘చేయించుకున్నా మళ్లీ వస్తాయంట’ అన్న ఊరి మాటలో కొంత నిజం ఉంది. అందువల్ల చేయించుకోవడమే దండగ అనుకోవడంలో లేదు.

ఖర్చు, కూలి, కాలం

ఆస్పత్రి బిల్లు ఒక్కటే ఖర్చు కాదు. రోజుకూలి మనిషి రెండు వారాలు పడుకుంటే ఇంటి పొయ్యి మీద దెబ్బ పడుతుంది, తోడు వచ్చిన మనిషి కూలీ పోతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఆస్పత్రి ఖర్చు భయాన్ని చాలా తగ్గించింది. కూలి నష్టం వేరే భయం. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇచ్చేలా 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా తెచ్చారంటే ఈ అడ్డు ఎంత పెద్దదో ప్రభుత్వానికీ తెలిసినట్టే. ఏ ఆస్పత్రిలో ఏ చికిత్స పథకం కిందికి వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడిగితే చివరి నిమిషంలో అప్పు కోసం పరుగెత్తే పని తప్పుతుంది. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు కూడా గమనించాల్సింది ఒకటుంది. చాలా పాలసీల్లో మొలలు, చీలిక, భగందరాలకు మొదటి రెండేళ్లు ఖర్చు రాదు.

డబ్బు వచ్చే కాలం కూడా వైద్యాన్ని నిర్ణయిస్తుంది. పొగాకు వేలం డబ్బులు చేతికి వచ్చాకో, కోతలు అయ్యాకో, పిల్లల సెలవుల్లోనో పెట్టుకుందామని వాయిదా వేస్తారు. తొందర లేని దశలో ఇది తెలివైన పనే. ఈలోగా రెండో దశ మూడోదైతే, తేలికపాటి చికిత్సతో పోయేది ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఎవరి నోటా వినిపించని మధ్య దారి

పసరు మందు తిన్నవాళ్లు ఆ సంగతి చెబుతారు. ఆపరేషన్ అయినవాళ్లు దాని కష్టం ఏళ్ల తరబడి చెబుతారు. ఈ రెంటికీ మధ్యలో ఉన్న రబ్బరు బ్యాండు గురించి చెప్పే మనిషి దొరకడం కష్టం. ఓపీ గదిలోనే చిన్న గొట్టం పెట్టి మొల మొదట్లో సన్నటి రబ్బరు రింగు వేస్తారు. రక్తం అందక మొల ఎండి, వారం పది రోజుల్లో రాలిపోతుంది. రింగు పడే చోట నొప్పి తెలిపే నరాలు ఉండవు కాబట్టి మత్తు అక్కర్లేదు, కొంచెం బరువుగా అనిపిస్తుంది. రెండు రోజుల్లో పనిలోకి పోవచ్చు. రెండో దశకు, కొన్ని మూడో దశ మొలలకు ఇది సరిపోతుంది. 1960ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి, ఖర్చు తక్కువ. ఒక్కసారి వేస్తే ఏడాదిలోపు దాదాపు సగం మందికి బాధ తిరిగి రావచ్చని బ్రిటన్‌లోనే 2016లో వచ్చిన మరో పరీక్ష చెప్పింది. మళ్లీ వేయించుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇంత వీలున్న చికిత్సకు పేరు ఎందుకు రాలేదు? మంచం పట్టే పని లేదు, కాబట్టి పలకరింపులు లేవు, పలకరింపులు లేకపోతే మాట బయటికి రాదు. చేయించుకున్న మనిషి రహస్యంగా వెళ్లి రహస్యంగానే వస్తాడు. చౌక కాబట్టి దాని కోసం బోర్డు పెట్టేవాళ్లూ తక్కువ. ఆపరేషన్‌ను దాచలేక చెబుతారు, పసరును గొప్పగా చెబుతారు. తేలిగ్గా పోయిన జబ్బు మాత్రం ఎవరికీ తెలియకుండానే పోతుంది. ఊరి జ్ఞాపకంలో ఉన్న వైద్యాలే రేపటి రోగి ముందున్న ఎంపికలు అవుతున్నాయి.

మొలలని ఊరుకోకూడని గుర్తులు

నలభై అయిదు దాటాక మొదటిసారి రక్తం కనిపించడం, రక్తం నల్లగా ఉండడం లేదా మలంతో కలిసి రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, విరేచనం తీరు వారాల తరబడి మారిపోవడం, రక్తసంబంధీకుల్లో పేగు క్యాన్సర్ ఉండడం. వీటిలో ఏది ఉన్నా పెద్దపేగు పరీక్ష అవసరం. మన దగ్గర నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వ పరీక్షలు ఉన్నాయి గాని పెద్దపేగు క్యాన్సర్‌కు అలాంటి కార్యక్రమం లేదు. రోగి తనంతట తాను వచ్చి చెబితేనే బయటపడుతుంది. మొలలున్న మనిషికి క్యాన్సర్ రాదనే హామీ ఏదీ లేదు, రెండూ కలిసి ఉండవచ్చు. చీముగడ్డ, జ్వరం ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు, షుగర్ ఉన్నవాళ్లయితే మరీను.

మార్పు ఎక్కడ మొదలు కావచ్చు

ఈ జబ్బు గురించి రోగి నోరు తెరవడు కాబట్టి అడిగేవాళ్లు ముందు అడగాలి. బీపీ, షుగర్ మాత్రల కోసం నెలనెలా విలేజ్ క్లినిక్‌కు వచ్చే మనిషిని ‘విరేచనం సాఫీగా అవుతోందా, రక్తమేమైనా పడుతోందా’ అని నర్సు అడగడానికి అర నిమిషం చాలు. గర్భిణులకు ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడు ఏఎన్ఎం మలబద్ధకం సంగతి ముందే చెబితే మాత్రలు చెత్తబుట్టలో పడవు. మందుల షాపులో మూడో ట్యూబు అడిగిన మనిషికి ఒకసారి చూపించుకోమని చెప్పగలిగేది ఆ షాపతనే. ఆర్ఎంపీలకు కూడా ఏ గుర్తు కనిపిస్తే వెంటనే పంపాలో తెలిస్తే వాళ్ల మాటకున్న బలం రోగికే పనికొస్తుంది.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో సర్జరీ ఓపీ ఉంది. ప్రొక్టోస్కోపు అనే చిన్న గొట్టంతో చూసే పరీక్షకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. మత్తు, థియేటర్, పడక ఏవీ అక్కర్లేదు. ఉన్నది మొలా, చీలికా, భగందరమా, ఏ దశలో ఉందన్నది చాలామందిలో ఆ నిమిషాల్లోనే తేలుతుంది. పసరా, క్షారమా, బ్యాండా, లేజరా అన్న ప్రశ్న దాని తర్వాత రావాల్సింది.